వెనబుల్స్ దగ్గరికి మాత్రం వెళ్లకూడదు

క్రెయిగ్ టనిక్లిఫ్ అబద్ధం చెప్పే ముందు టై సవరించుకుంటాడు. తొమ్మిదీ పదికి నేను అతని ఎదురుగా కూర్చున్నాను. తొమ్మిదింపావు అయ్యేసరికి నాలుగుసార్లు సవరించుకున్నాడు. ఇళ్ల ఏజెంట్లను నేను చాలామందినే చూశాను. వాళ్లలో కూడా ఇంత తక్కువ సరుకున్న వాణ్ణి చూడలేదు.

“ఆవిడని నువ్వు ఆఖరిసారి ఎప్పుడు చూశావు?” అని అడిగాను.

“చూడటమంటే... ఫోన్లో మాట్లాడుకున్నాం సార్జెంట్ గారూ. ఈమెయిళ్లు కూడా ఉన్నాయి.”

“అంటే చూడలేదు.”

“ఇప్పుడెవరు చూస్తున్నారండీ? అంతా ఆన్‌లైనే కదా.”

ఆవిడ అంటే మిస్ డోరతీ క్విల్టర్. డెబ్భై ఎనిమిదేళ్లు. మిల్ లేన్‌లో ఏడో నంబరు ఇల్లు ఆవిడది. మా క్లెన్‌బరీ బడిలో ముప్ఫై ఏళ్లు లెక్కలు చెప్పి, నాతో సహా ఊళ్లో సగంమందిని మొద్దులని తేల్చేసిన మనిషి. ఆ ఇల్లు ఇవాళ, శుక్రవారం, మధ్యాహ్నం పన్నెండింటికి చేతులు మారబోతోంది. కొనేవాళ్ల లాయరు దగ్గర్నుంచి అమ్మేవాళ్ల లాయరుకు డబ్బు చేరగానే క్రెయిగ్ తన సొరుగులోంచి తాళాలు తీసి ఇస్తాడు. కొంటున్న మెడింగ్స్ దంపతులు సామాన్ల లారీతో సహా పొద్దున్నే వెళ్లి ఆ ఇంటి ముందు కాచుకుని ఉన్నారు. అమ్ముతున్న మిస్ క్విల్టర్ ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

తెలియదన్న సంగతి కూడా నిన్న సాయంత్రం దాకా ఎవరికీ తెలియదు. న్యూజిలాండ్‌లో ఉంటున్న ఆవిడ మేనకోడలు, మనవాళ్లందరికీ ఉన్న రోగమే, ఊసుపోక మేనత్త వీధిలో ఇళ్ల ధరలెలా ఉన్నాయో ఫోన్లో చూసుకుంటోంది. మేనత్త ఇంటి ఫొటో మీదే ‘అమ్ముడైంది’ అని కనబడింది. వెంటనే మా స్టేషన్‌కు ఫోన్ చేసింది. గొంతు పాడైంది, మాట్లాడలేను అంటూ మూడు నెలలుగా ఆమెకు మేనత్త నుంచి మెసేజ్‌లే వస్తున్నాయట. క్రెయిగ్ ఫైల్లో ఏమో, అమ్మే ఆవిడ న్యూజిలాండ్ వెళ్లి మేనకోడలి దగ్గర ఉంటోందని రాసి ఉంది. అక్కడివాళ్లని అడిగితే ఆవిడ ఇక్కడుంది, ఇక్కడివాళ్లని అడిగితే అక్కడుంది.

నేను ఆ ఫైలు తిరగేశాను. కొనేవాళ్ల లాయరు అన్నచోట ‘వెనబుల్స్’ అని రాసి కొట్టేసి ఉంది. కింద మళ్లీ రాసి మళ్లీ కొట్టేసి ఉంది. ఆల్డస్ వెనబుల్స్ మా ఊళ్లో ఉన్న ఒకే ఒక్క దస్తావేజుల లాయరు, మిస్ క్విల్టర్ కాగితాలన్నీ చూసేదీ ఆయనే. క్రెయిగ్ కుర్చీలోంచి చూస్తే రోడ్డవతల ఆయన ఇత్తడి బోర్డు కనబడుతుంది.

“ఆయన పాతకాలం మనిషండీ. ఇంకా ఉత్తరాలు రాస్తాడు. అందుకని మా జాబితాలో ఉన్న కంపెనీ పేరు చెప్పాను.”

“ఆ కంపెనీ నీకేమిస్తుంది?”

అతని చెయ్యి టై మీదికి పోయింది. “చిన్న కమిషనండీ. అందరూ తీసుకునేదే. ఫారం కింద చిన్నక్షరాల్లో రాసే ఉంటుంది.”

“చిన్నక్షరాలు చదివేవాళ్లయితే నీ దగ్గరికెందుకొస్తారు? కార్లీ మెడింగ్స్ రెండుసార్లు వెనబుల్సే కావాలందని నువ్వే రాసుకున్నావు. రెండోసారి ఎలా మానిపించావు?”

ఈసారి టై జోలికి పోలేదు. నిజం చెప్పబోతున్నాడని అర్థమైంది.

“షరతు పెట్టింది నేను కాదండీ, అమ్మే ఆవిడే. ఇంకెవర్నైనా పెట్టుకోమనండి, వెనబుల్స్ దగ్గరికి మాత్రం వెళ్లకూడదు అంది. మాట వింటే ఎనిమిది వేల పౌండ్లు తగ్గిస్తానంది. మెడింగ్స్ వాళ్లకి ఆ ఎనిమిది వేలూ పెద్ద సంగతేనండీ.”

“ఎందుకట?”

“వయసులో ఉన్నప్పుడు ఆయనకీ ఆవిడకీ ఏదో ఉండేదట. మొహం చూపించలేనంది.” కన్ను కూడా గీటబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు.

మిస్ క్విల్టర్ వయసులో ఉన్నప్పుడు కూడా లెక్కలే చేసుకుందని మా ఊళ్లో పాలవాణ్ణడిగినా చెబుతాడు. ఆ కథ మింగాలంటే పొరుగూరివాడై ఉండాలి, క్రెయిగ్ పొరుగూరి నుంచి కార్లో వచ్చిపోయేవాడే. తన సొంత లాయరు కంటబడకుండా ఉండటానికి ఓ ముసలావిడ ఎనిమిది వేలు వదులుకుంటుంటే, ఎందుకమ్మా అని ఒక్కసారి అడగాలని ఈ ప్రబుద్ధుడికి తోచలేదు. తాళాల గుత్తి నేనే తీసుకుని లేచాను.

తొమ్మిదిన్నరకి కార్లో కూర్చుని, మిస్ క్విల్టర్ తరఫున పనిచేస్తున్న కంపెనీకి ఫోన్ చేశాను. ఎక్కడో రెండొందల మైళ్ల దూరంలో ఉన్న కంపెనీ. ఆగమంటూ పదకొండు నిమిషాలు పిల్లనగ్రోవి వినిపించి, ఆ తర్వాత ఓ అమ్మాయికి కలిపారు. ఆమె చేతిలో నూట నలభై ఇళ్ల ఫైళ్లున్నాయట. గొప్పగా చెప్పుకుంది. అమ్మే మనిషి ఎవరో ఎలా తేల్చుకున్నారని అడిగితే, పాస్‌పోర్టు మొహం పక్కన పెట్టుకుని ఫోన్లో కనబడింది, సరిపోయింది అంది. తొమ్మిదేళ్ల నాటి ఫొటో, తెల్లజుట్టు, కళ్లద్దాలు. కాస్త మసగ్గా ఉంటే తనే ‘ఓకే’ కొట్టేసిందట. తెల్లజుట్టూ కళ్లద్దాలూ ఉన్న ముసలమ్మలంతా వీళ్లకు ఒక్కరే. అమ్మకం ఆపమంటే ఫిర్యాదు నంబరు ఉండాలంది. ఫిర్యాదు నంబరు ఎవరిస్తారంటే మళ్లీ పిల్లనగ్రోవికి కలిపింది.

రోడ్డు దాటి వెనబుల్స్ దగ్గరికి వెళ్లాను. ఆయనకిప్పుడు డెబ్భై దాటాయి. మా నాన్న వీలునామా రాసింది ఆయనే కాబట్టి నన్నింకా ‘అమ్మాయ్’ అనే పిలుస్తాడు. నేను విషయం చెబుతున్నంతసేపూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. చెప్పడం అయ్యాక లేచి, బీరువాలోంచి ఇటికంత మందాన ఉన్న కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. మీద ‘క్విల్టర్ - కంచె’ అని ఉంది.

ఆ కంచె కథ నాకూ కొంత తెలుసు. మిస్ క్విల్టర్ ఇంటికీ, ఎడమ పక్క ఐదో నంబరులో ఉండే మిసెస్ వెరా స్టాప్‌ఫర్డ్ ఇంటికీ మధ్య ఓ వరస చెట్ల కంచె. అది ఎవరిదన్న దాని మీద ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇద్దరికీ పడదు. ఎదురుపడితే మాట్లాడుకోరు, చర్చిలో ఒకరున్న వరసలో ఒకరు కూర్చోరు. ఈ జనవరిలో మిస్ క్విల్టర్ విసిగిపోయి సర్వేయరును పెట్టించిందట. ఫిబ్రవరి పద్ధెనిమిది, మంగళవారం, అతను కొలిచి మేకులు పాతి వెళ్లాడు. కంచె మొత్తం మిస్ క్విల్టర్ స్థలంలోనే ఉందని తేలింది.

“ఆ మర్నాడు?” అన్నాను.

ఆయన ఫోన్ సందేశాల పుస్తకం తెరిచి నావైపు తిప్పాడు. ఫిబ్రవరి పంతొమ్మిది, బుధవారం, సాయంత్రం నాలుగూ నలభై. గుమాస్తా చేతిరాత. ‘మిస్ క్విల్టర్. వెరా జేసీబీ పెట్టించి కంచె పీకించేసింది. గొయ్యి తెరిచే ఉంది. తనిప్పుడే అక్కడికి వెళ్తున్నారట. మిమ్మల్ని వెంటనే రమ్మన్నారు.’

“వెళ్లారా?”

“బుధవారాలు నేను నాలుగింటికే ఇంటికి పోతానమ్మాయ్. నీకు తెలుసుగా.”

“మర్నాడు?”

“పొద్దున్నే ఉత్తరం రాశాను. మిసెస్ స్టాప్‌ఫర్డ్‌కి. చాలా గట్టిగానే రాశాను.”

ఆయన గొంతు సవరించుకుని, వారంలోపే మిసెస్ స్టాప్‌ఫర్డ్ దగ్గర్నుంచి జవాబు కూడా వచ్చిందనీ, ఇద్దరం సామరస్యంగా తేల్చుకున్నామని రాసిందనీ, ఆ కాగితం తీసి చూపించాడు. మిస్ క్విల్టర్ నుంచి మాత్రం ఏమీ రాలేదట. మార్చిలో ఆ ఇంటి ముందు అమ్మకం బోర్డు చూశాడట. రోజూ కుక్కను తిప్పుతూ చూశాడట.

“మరి అడగలేదేం?”

“ఎలా అడుగుతానమ్మాయ్? నలభై ఏళ్లు నా దగ్గర పని చేయించుకున్న మనిషి నన్ను కాదని ఇంకో లాయరు దగ్గరికి పోయింది. అది ఆమె ఇష్టం. నేను వెళ్లి తలుపు కొట్టి ఎందుకు పోయావని అడిగితే బావుంటుందా? మర్యాద కాదు.”

ఊళ్లో లాయరునే పెట్టుకోండి, మీ గోడా తెలుసు, మీ గొడవా తెలుసు అని మా నాన్న అందరికీ చెప్పేవాడు. ఈయనకు అన్నీ తెలుసు. సరిహద్దు అంగుళాలతో సహా తెలుసు. ఓ మనిషి రమ్మని కేకేస్తే ఈయన ఉత్తరం రాశాడు. ఆ మనిషి మాయమైపోతే ఈయనకు కోపమొచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాన్ని మించి ఒళ్లు మండింది. అమ్మకం ఆపమని చెబితే ఈ పెద్దమనిషి కలం తీసి కాగితం మీద తారీఖు వేయడం మొదలెట్టాడు. కాగితం లాక్కుని ఫోన్ చేతిలో పెట్టాను. కొనేవాళ్ల కంపెనీలో అసలు లాయరు ఒకడుంటాడు కదా, వాణ్ణి పిలిచి, అమ్ముతున్నది అసలు మిస్ క్విల్టరే కాదని నోటితో చెప్పండి అన్నాను. లాయరు చెబితే లాయరు విన్నాడు. పదీ ఇరవై రెండుకు మెడింగ్స్ దంపతుల డబ్బు కదలకుండా ఆగింది. ఆ కట్టలోంచి సర్వేయరు గీసిన పటం ఒక్కటి తీసుకుని బయటపడ్డాను.

మిల్ లేన్ చేరేసరికి పదీ నలభై. మెడింగ్స్ వాళ్ల లారీ గేటు ముందే ఉంది. దాని వెనక ప్రధాన కార్యాలయం వాళ్ల నల్ల కారు. అంటే ఇన్‌స్పెక్టర్ క్రిస్పిన్ లౌథర్ దిగాడన్నమాట. మోసాల విభాగం. నాకన్నా పదమూడేళ్లు చిన్న, ఒక మెట్టు పైన. నేను తాళం తీసి లోపలికి వెళ్తుంటే ఐదో నంబరు తలుపులోంచి వచ్చాడు. మూతికి నిమ్మకేకు పొడి అంటుకుని ఉంది.

“డబ్బు ఆపించింది నువ్వేనా, సార్జెంట్ గెతిన్?” అన్నాడు.

“అవును సార్.”

“నిన్నెవరు ఆపమన్నారు? పన్నెండింటికి డబ్బు కదిలేది, ఏ దేశం పోతుందో చూసి వల వేసేవాళ్లం. ఇది విదేశీ ముఠా పని. ఇలాంటివి ఏడాదికి నలభై చూస్తాను నేను.”

“ఆ డబ్బు బయట లారీలో కూర్చున్న వాళ్లది సార్. ముఠా దొరక్కపోతే?”

“బీమా ఉంటుంది. నీకివన్నీ అర్థం కావులే. నువ్వు గొర్రెల దొంగతనాలు చూసుకో.”

“మిస్ క్విల్టర్ ఎక్కడుంది సార్?”

“ఎక్కడో అక్కడుంటుంది. పక్కింటావిడ చెప్పింది, ఫిబ్రవరి ఇరవై పొద్దున ఏడింటికి టాక్సీ ఎక్కి వెళ్లడం కళ్లారా చూసిందట. మంచి సాక్షి. నువ్వూ వెళ్లి టీ తాగు.”

ఇలాంటివాణ్ణి ఇన్‌స్పెక్టరును చేయడానికి ఎన్ని పరీక్షలు పెట్టారో, వాటిల్లో ఏమడిగారో నాకు తెలుసుకోవాలనుంది. లోపలికి నడిచాను. వెనకే వచ్చాడు.

ఇల్లు పొందిగ్గా ఉంది. వంటింట్లో ఎండిపోయిన టీ సంచి కప్పులోనే ఉంది. ఒక్కరోజు ప్రయాణానికైనా మిస్ క్విల్టర్ కప్పు కడక్కుండా కదలదు. వెనక తలుపు పక్కన చెప్పుల బల్ల ఉంది. ఒక్కో జతకీ ఒక్కో గడి. గడి మీద చీటీ, దాని మీద ఆవిడ చేతిరాత. ఇంట్లోవి, చర్చివి, తోటవి, ప్రయాణానివి, ఇలా ఏడు గడులు. ఆరింట్లో చెప్పులున్నాయి. ‘తోట’ అన్న గడి ఒక్కటే ఖాళీ.

“బురదలో వేసుకునే గమ్‌బూట్లు లేవు,” అన్నాను.

“అయితే?”

“గమ్‌బూట్లు వేసుకుని న్యూజిలాండ్ వెళ్తారా సార్? ప్రయాణం బూట్లు ఇక్కడే ఉన్నాయి. చర్చి బూట్లు ఇక్కడే ఉన్నాయి. ఈవిడ ఈ తలుపులోంచి తోటలోకి వెళ్లింది. మళ్లీ లోపలికి రాలేదు.”

లౌథర్ ఆ బల్ల వైపు, తర్వాత నా వైపు చూశాడు. బూట్లు లెక్కబెట్టి కేసు తేల్చే రోజులు పోయాయి, ఇది కంప్యూటర్ల కాలం అన్నాడు. ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసుకోవాలంటూ తిరిగి ఐదో నంబరుకే నడిచాడు. అక్కడ సిగ్నల్ బాగుంటుందట. కేకు కూడా ఉంటుంది.

నేను లారీ దగ్గరికి వెళ్లాను. కార్లీ మెడింగ్స్ ఏడ్చి ఏడ్చి ఊరుకున్నట్టుంది. అమ్మేవాళ్లు ఇంటి గురించి నింపి ఇచ్చే ఫారం నీ దగ్గరుందా అంటే ఫోన్లో తీసి చూపించింది. అంతా చదివావా అంటే చదివానంది. ఏది చదివిందో అడిగాను. ఏ సామాను వదిలేస్తారో రాసే జాబితా చదివిందట. బల్బులు ఉంచుతారు, కర్టెన్ కడ్డీలు ఉంచుతారు, టాయిలెట్ కాగితం తగిలించే కొక్కెం ఉంచుతారా లేదా అన్నది తెలియక లాయరు కంపెనీకి మూడు ఈమెయిళ్లు పెట్టిందట. మా జనం ఇల్లు కొనే పద్ధతి ఇదీ. కొక్కెం కోసం మూడు ఈమెయిళ్లు, సరిహద్దు కోసం ఒక్కటీ లేదు.

సరిహద్దు మొదటి పేజీలోనే ఉంది. రోడ్డు మీద నిలబడి ఇంటివైపు చూస్తే ఎడమ పక్క కంచె ఎవరిది? జవాబు: ‘పొరుగువారిది’. ఇరుగుపొరుగుతో ఇప్పుడు గానీ గతంలో గానీ తగాదాలున్నాయా? జవాబు: ‘ఎన్నడూ లేవు’. కింద చేత్తో గీసిన చిన్న పటం కూడా ఉంది. నాలుగు చేతులు మారినా ఈ పేజీ ఎవరి కంటా పడలేదు. వెనబుల్స్ కంట పడి ఉంటే మొదటి జవాబు దగ్గరే కుర్చీలోంచి లేచేవాడు. ఆ పేజీ ఆయన బల్ల మీదికి రాకుండా ఉండటానికే ఎనిమిది వేలు.

లౌథర్ చెప్పే విదేశీ ముఠాకి మిల్ లేన్‌లో కంచె ఎవరిదైతే ఏం? పరాయి దొంగకి ఇల్లు కావాలి, ఇంటి డబ్బు కావాలి. ఇంటికి ఇల్లే కాజేస్తూ, పక్కన ఉన్న చెట్ల కంచె కూడా తన పేర రాయించుకునే దొంగ ఒక్కరే ఉంటారు. మొదట నాకు నవ్వే వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్ల కక్ష, చేయి ఊరుకోలేక ఫారంలో కూడా గీరింది, అంతే అనుకున్నాను.

మెడింగ్స్ వాళ్ల దగ్గర కొలిచే టేపు తీసుకుని, ఓవెన్ మెడింగ్స్‌ను రెండో కొస పట్టుకోమని వెనక తోటలోకి వెళ్లాను. చెట్ల కంచె లేదు. దాని బదులు కొత్త చెక్క కంచె, సిమెంటు స్తంభాలు. సర్వేయరు పటం ప్రకారం ఇంటి మూల నుంచి సరిహద్దుకు ఇరవై మూడడుగులుండాలి. టేపు పంతొమ్మిది చూపించింది. రెండుసార్లు కొలిచాను, రెండుసార్లూ పంతొమ్మిదే. చెక్కల సందులోంచి అవతలికి చూశాను. పాత కంచె ఉన్న నాలుగడుగుల మేరా నున్నగా గులకరాళ్లు పరిచి ఉన్నాయి. మిగతా తోటంతా వెరా స్టాప్‌ఫర్డ్ అంగుళం వదలకుండా పూలు వేసింది. అక్కడ మాత్రం ఒక్క మొక్క లేదు.

అప్పుడు నా నవ్వు పోయింది. ఆమె కక్షకొద్దీ ఆ నాలుగడుగులూ లాక్కోలేదు. కొత్తగా వచ్చినవాళ్లు రేపో మాపో అక్కడ గుంజ పాతొచ్చు, చెట్టు నాటొచ్చు. ఆ నేల ఇంకెవరి చేతికీ పోకూడదు. స్టేషన్‌కు ఫోన్ చేసి ఇద్దరు కానిస్టేబుళ్లనీ, పారలనీ పంపమన్నాను. పదకొండూ పాతికకి బయల్దేరుతున్నామన్నారు.

ఐదో నంబరు వంటింట్లో లౌథర్ రెండో ముక్క కేకు తింటున్నాడు. వెరా స్టాప్‌ఫర్డ్‌కు డెబ్భై నాలుగు. తెల్లజుట్టు, కళ్లద్దాలు. చర్చిలో పూలు సర్దేది, పండగలకు మా ఇంటికి జామ్ పంపేది. నన్ను చూడగానే కప్పు తీసింది.

“కూర్చో, ఇడా. పాలు వేస్తావుగా?”

“ఆవిడ ఆ రోజు ఏ చెప్పులు వేసుకుని వెళ్లింది, వెరా?”

“ఎవరు, డోరతీయా? నల్ల బూట్లు. ఊళ్లకెళ్లేటప్పుడు వేసుకుంటుందే, అవే.”

“అవి బల్ల మీద గడిలో ఉన్నాయి. లేనివి గమ్‌బూట్లు.”

ఆమె టీ వంచుతూనే ఉంది. వయసు మీద పడింది, సరిగ్గా గుర్తులేదేమో అంది. నేను కార్లీ ఫోన్ తెరిచి ఆ మొదటి పేజీ బల్ల మీద పెట్టాను. పక్కన సర్వేయరు పటం పెట్టాను. ఆ బుధవారం జేసీబీ గొయ్యి తీసింది ఏ పూటకి, పూడ్చింది ఏ పూటకి అని అడిగాను. పొద్దున తీశాడు, మర్నాడు పొద్దున వచ్చి పూడ్చాడు అంది. అంటే ఓ రాత్రంతా గొయ్యి తెరిచే ఉంది. నాలుగూ నలభైకి మిస్ క్విల్టర్ గమ్‌బూట్లు తొడుక్కుని దాని దగ్గరికే బయల్దేరింది.

“గెతిన్,” అన్నాడు లౌథర్, కేకు పక్కన పెట్టి. “ఈ పెద్దావిడ కంచె కోసం పక్కింటిని అమ్మేసిందంటావా? నువ్విలా మాట్లాడినట్టు పైవాళ్లకు తెలిస్తే నీ పింఛనుకే మోసం.”

“మీ ముఠా ఈ వంటింట్లోనే ఉంది సార్. మీకు టీ పోస్తోంది.” వెరా వైపు తిరిగాను. “పారలతో మనుషులు వస్తున్నారు. ముందు కంచె తీయిస్తాను. తర్వాత ఆ గులకరాళ్లు.”

ఆమె టీపాట్ కింద పెట్టింది. ఏప్రన్ విప్పి, మడత పెట్టి, కుర్చీ వెనక వేసింది. ఆ మడతలు పెట్టడానికి చాలాసేపు తీసుకుంది.

“ఇల్లు అమ్మింది నేనే, ఇడా. డోరతీ పాస్‌పోర్టు తీసిందీ నేనే, ఫోన్లో కనబడిందీ నేనే, ఆ మేనకోడలికి మెసేజ్‌లు పెట్టిందీ నేనే. కాగితం ఇస్తే ఇప్పుడే సంతకం పెడతాను. ఎన్నేళ్లు వేస్తారో వేసుకోండి.”

లౌథర్ మొహం చూడాలి అప్పుడు. అప్పటిదాకా విదేశాల్లో ఉన్న ముఠా సంగతే మర్చిపోయాడు. నోటుపుస్తకం తెరిచి, తారీఖు వేసి, పదకొండూ నలభై ఎనిమిది అని టైము కూడా వేశాడు. పన్నెండు కాకముందే కేసు తేలింది, అదీ తన చేతుల మీదుగా.

“ఒక్కటే అడుగుతున్నాను,” అంది వెరా. నన్ను కాదు, అతన్ని. “ఆ కంచె కదపొద్దు. అక్కడ తవ్వొద్దు. ఆ ఒక్క మాటా ఇవ్వండి, మిగతాదంతా మీరెలా రాస్తే అలా ఒప్పుకుంటాను.”

“దానిదేముందమ్మా,” అన్నాడు లౌథర్, తల ఎత్తకుండా రాసుకుంటూ. “కంచెతో మాకేం పని?”

ఆమె కళ్లు మాత్రం నా మీదే ఉన్నాయి. బయట స్టేషన్ వ్యాను ఆగిన చప్పుడైంది. మిస్ క్విల్టర్ ఎక్కడుందని పొద్దుట్నుంచి కనబడినవాళ్లందర్నీ అడుగుతూ వచ్చాను, వెరాను మాత్రం అడగలేదు. నేను వెనక తలుపు తీసి, పారలు పట్టుకొచ్చినవాళ్లను తోటలోకి రమ్మన్నాను.